పక్కింటి గ్రానీ దాచిన పేర్లు

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టి, కాళ్లు బారజాపుకుని హాయిగా కూర్చోండి. నేను చెబుతున్నంతసేపూ మీరు ఊఁ కొడుతూ ఉండాలి. కొట్టకపోతే మీరు నిద్రపోయారో, నన్ను నమ్మడం లేదో తెలియక నాకు మాట తడబడుతుంది. నమ్మకపోయినా ఫరవాలేదు, ఊఁ మాత్రం కొట్టండి. నేను చెప్పబోయే వాళ్లలో ఎవరూ ఎవరినీ ఓ పట్టాన నమ్మలేదు. మీరొక్కరే నమ్మాలని నేనేం పట్టుబట్టను.

మొన్న సెలవులకి మా మనవరాలు కాలేజీ నుంచి వస్తూనే నా మంచం మీదికెక్కి ల్యాప్‌టాప్ నా ఒళ్లో పెట్టింది. నలుపూ తెలుపూ బొమ్మ. కోటగోడ మీంచి ఒక మనిషి తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. పైన తాడు ఒక్కో పోగే తెగుతోంది. "అమ్మమ్మా, గుర్తుందా?" అంది. గుర్తులేకపోవడమేమిటి! ఆ మనిషి కింద పడడని నాకు పదేళ్లకు పైగానే తెలుసు. ఎందుకు పడడో, అతన్ని పడకుండా ఆపడానికి ఇద్దరు ఎంత పోట్లాడుకున్నారో కూడా తెలుసు. మనవరాలు బొమ్మని అక్కడే ఆపి, "చివర్లో నీకొకటి చూపించాలి, వెయిట్ చెయ్యి" అంటూ కాఫీ పెట్టడానికి వెళ్లింది. అది వచ్చేలోగా నా మనసు క్యారీలో నేను గడిపిన ఆ మొదటి వేసవికి వెళ్లిపోయింది.

మా అమ్మాయీ అల్లుడూ అప్పుడప్పుడే నార్త్ కరోలినాలో, ఆ క్యారీ ఊళ్లో ఇల్లు కొనుక్కున్నారు. నేను దిగింది రెండు వేల నాలుగు, మార్చి చివర. ఊరంతా పసుపు జల్లినట్టు ఉంది. కార్ల మీద, మెట్ల మీద, పోస్టు డబ్బాల మీద పసుపే. ఎంత మంగళకరమైన ఊరో అనుకుని సంబరపడ్డాను. అది పైన్ చెట్ల పుప్పొడి అని తుమ్ములు మొదలయ్యాక తెలిసింది. రోడ్డు మీద కార్లు పోతాయి గానీ మనిషి కనిపించడు. ఒక్క మనిషి మాత్రం నాకు రోజూ కనిపించేది, అదీ మొత్తంగా కాదు. పక్కింటి కిటికీ తెర ఒక బెత్తెడు తొలిగేది. ఆ సందులో కాస్త తెల్ల జుట్టు, ఒక కన్ను. వీధిలో కొత్త కారు ఆగిందా, తెర కదిలేది. పోస్టు బండి ఆగినా కదిలేది. నేను పెరటి చెక్క అరుగు, అదే డెక్, దాని మీద తడిబట్ట ఆరేస్తే కూడా కదిలేది. "ఎవరే ఆవిడ, మనల్ని కాపలా కాస్తోంది?" అని అమ్మాయినడిగితే, "పెద్దావిడమ్మా, ఒక్కతే ఉంటుంది. అందరం గ్రానీ అంటాం" అని ఊరుకుంది.

ఒకరోజు డెక్ మీద కూర్చుని మెంతికూర ఒలుచుకుంటున్నాను. కంచె అవతల నుంచి ఒక మగగొంతు గద్దించింది. వెంటనే ఒక ఆడగొంతు బతిమాలింది. ఆ తర్వాత ఒక ముసలి గొంతు నవ్వింది. నాకు ఇంగ్లీషు ఎక్కడొచ్చు గనక? అయినా కొన్ని ముక్కలు చెవిన పడ్డాయి: కిల్, రోప్, విండో. నా చేతిలో మెంతికూర అక్కడే ఆగిపోయింది. ఒక్కతే ఉంటుందన్నారే, మరి ఈ మగాడెవడు? సాయంత్రం అల్లుడు ఆఫీసు నుంచి రాగానే చెప్పేశాను. మా అల్లుడిది వరంగల్ వైపు, నెమ్మదస్తుడు, కాకపోతే ప్రతిదానికీ ముందు భయపడి ఆ తర్వాత ఆలోచిస్తాడు. "అత్తమ్మా, మీరు పరేషాన్ గాకుండ్రి. ఎవరింట్ల వాళ్లు ఏమన్న జేస్కుంటరు. మనం ఇన్వాల్వ్ కావొద్దు" అన్నాడు. అన్నాడే గానీ, ఆ వారంలోనే కంచె వైపు ఒక పెద్ద లైటు బిగించాడు.

మా ఇద్దరికీ మాట కలిపింది వడియాలు. ఎండ బాగా వస్తోందని డెక్ మీద పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టాను. మర్నాడు కంచె మీదుగా ఒక తల లేచింది. ఎనభై దాటిన మనిషి, నిటారుగా ఉంది. ఏదో అడిగింది. మా మనవరాలికప్పుడు ఎనిమిదేళ్లు, అదే నాకు దుబాసీ. "అమ్మమ్మా, గ్రానీ అడుగుతుంది, ఆ వైట్ డాట్స్ లైన్‌లో పెట్టి నువ్వు ఎవరికి సిగ్నల్ ఇస్తున్నావు అని." నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. లోపలికి వెళ్లి, నిరుటి వడియాలు నాలుగు నూనెలో వేయించి పట్టుకొచ్చి ఇచ్చాను. ఆవిడ ముందు వాసన చూసింది, తర్వాత నన్ను తినమంది. నేను కరకరలాడించాకనే తను నోట్లో పెట్టుకుంది. అలాంటి మనిషి! కానీ తిన్నాక ముఖం విప్పారింది. స్టీలు గిన్నె తిరిగిస్తూ అందులో నాలుగు బిస్కెట్లు వేసింది. ఖాళీ గిన్నె పంపకూడదని వాళ్లకీ ఉందో, నా చూపు చూసి గ్రహించిందో!

అలా మొదలై, మనవరాలు బడి నుంచి రాగానే మేమిద్దరం ఆవిడ వరండాలో చేరడం అలవాటైంది. తను కథలు రాసేదట. ఇక్కడ కాదు, లండన్లో. టీవీకి. కత్తులు, గుర్రాలు, కోటలు, ముసుగు వీరులు. నేను విన్న ఆ గొంతులన్నీ ఆవిడవే. రాసిన ప్రతి మాటా పైకి పలికి చూస్తేనే గానీ కుదరదట, రాయడం మానేసి ఎన్నాళ్లైనా ఆ అలవాటు పోలేదట. నాకు సగం నమ్మకం, సగం అనుమానం. ఇంత సన్నటి మనిషి కత్తియుద్ధాలు రాసిందా? కథ చెప్పడం మాత్రం వచ్చు, అది ఒప్పుకోవాలి. "మొదట ఒకణ్ణి గోడకి వేలాడదీయాలి. అప్పుడు సబ్బుల ప్రకటన రావాలి. జనం టీ పెట్టుకోవడానికి లేచినా, అయ్యో వాడు వేలాడుతున్నాడే అని పరిగెత్తుకు రావాలి" అని చెప్పింది. నాకు మా ఊరి హరికథ దాసుగారు గుర్తొచ్చారు. ఆయన కూడా సీతమ్మని అశోకవనంలో కూర్చోబెట్టి, సరిగ్గా అప్పుడే పళ్లెం తిప్పించేవారు. అది చెబితే గ్రానీ చప్పట్లు కొట్టి నవ్వింది. వాళ్లకి స్టూడియోలో ఒకే ఒక మెట్ల వరస ఉండేదట, దానికి చక్రాలు. ఈ వారం రాజుగారి కోటలో మెట్లు, వచ్చే వారం శత్రువు కోటలో అవే మెట్లు. రాసేవాళ్లు ఆ మెట్లకి సరిపోయేలా కథ అల్లాలి.

నేనెప్పుడు కథ చెప్పినా మనవరాలు ఊఁ కొట్టడం చూసి, అదేమిటని అడిగి తెలుసుకుని, గ్రానీ కూడా నేర్చుకుంది. నేను ఆవిడ ఇంగ్లీషుకి ఊఁ, ఆవిడ నా తెలుగుకి ఊఁ. మధ్యలో పిల్ల.

అల్లుడికి మాత్రం అనుమానం తీరలేదు. "నెట్‌ల చూసిన అత్తమ్మా. ఆ సీరియల్ రాసింది ఎవడో మగాయన. ఈమె పేరు ఎక్కడ లేదు. ఊకెనే చెప్తున్నది" అన్నాడు. నా మనసు చివుక్కుమంది. మర్నాడు పిల్ల చేత అడిగించేశాను. గ్రానీ ముందు వీధి అటూ ఇటూ చూసింది. తర్వాత, "ఆ మగాణ్ణి నేనే. సగం నేను, సగం నా స్నేహితుడు" అంది.

సంగతేమిటంటే, గ్రానీ వయసులో ఉన్నప్పుడు ఇక్కడే అమెరికాలో సినిమాలకి రాసేది. ఒకప్పుడు కమ్యూనిస్టుల మీటింగులకి వెళ్లిందని ప్రభుత్వం వాళ్లు పిలిపించారు. నీతోపాటు ఇంకా ఎవరెవరు వచ్చేవారో పేర్లు చెప్పు, నిన్ను వదిలేస్తాం అన్నారు. చెప్పలేదు. అంతే, మర్నాటి నుంచి ఒక్కరూ పని ఇవ్వలేదు. స్నేహితుడిదీ అదే గతి. ఇద్దరూ వేరువేరుగా లండన్ చేరారు. అక్కడ ఒక నిర్మాత ధైర్యం చేసి పని ఇచ్చాడు గానీ, అసలు పేర్లు వేస్తే అమెరికాలో ఆ సీరియల్ ఎవరూ కొనరు. అందుకని ఇద్దరూ కలిసి ఒక మగాణ్ణి పుట్టించారు. ఆ లేని మనిషి పేరు మీదే ఇద్దరూ రాశారు. స్టూడియో గడప తొక్కకూడదు. కాగితాలు టీకొట్లో చేతులు మారేవి. ఒకసారి ఎవరో ఆ మగాణ్ణి విందుకి పిలిస్తే, జబ్బు చేసిందని కబురు పంపారట. ఆ లేని మనిషికి పూలగుత్తి వచ్చిందట! ఆ పూలని పదిలంగా నీళ్లలో పెట్టుకున్నారట ఇద్దరూ. స్నేహితుడు పోయాక గ్రానీ తిరిగొచ్చేసింది. ఈ చుట్టుపక్కలే మేనకోడలు ఉందని ఈ ఊళ్లో ఇల్లు తీసుకుంది. కానీ భయం మాత్రం ఆవిడతోనే వచ్చింది. కారు ఆగితే తెర కదలడం అందుకే.

ఈ మాట ఇంట్లో చెప్పడం నా పొరపాటు. అల్లుడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "కమ్యూనిస్టా? అత్తమ్మా, జర ఆగుండ్రి. మన గ్రీన్ కార్డ్ ప్రాసెస్ నడుస్తున్నది. వాళ్లు సాఫ్‌గ అడుగుతరు, ఆ పార్టీతోని ఏమన్న సంబంధం ఉన్నదా అని. మీరేమో రోజు పోయి వడియాలు పంచుతున్నరు!"

"వడియాలకి పార్టీ ఏమిటి నాయనా?" అన్నాను.

మా అమ్మాయి వంటింట్లోంచి, "అమ్మా, నీ మేనమామ సంగతి మాత్రం ఆయనకి చెప్పకు. ఇక నిద్రపోడు" అని గుసగుసలాడింది.

జులై వచ్చింది. చెట్ల మీద కీచురాళ్లు చెవులు తూట్లు పొడుస్తున్నాయి. ఒక మధ్యాహ్నం గ్రానీ ఇంటి ముందు ఒక కారు ఆగింది. అరవైకి దగ్గరపడ్డ ఆడమనిషి దిగి తలుపు కొట్టింది. జవాబు లేదు. మళ్లీ కొట్టింది. తెర మూసుకుంది. ఆ మనిషి వచ్చి రోడ్డు పక్క కాలిబాట అంచు మీద, మండుటెండలో తల పట్టుకుని కూర్చుంది. మా వాళ్లంతా ఆఫీసులకి వెళ్లారు, పిల్ల సమ్మర్ క్యాంపులో ఉంది. నాకు చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. చేత్తో రమ్మన్నాను. మజ్జిగ ఇచ్చాను, పెరుగన్నం పెట్టాను. ఆవిడ తింటూ తింటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. గ్రానీ ఇంటి వైపు చూపించి, "మై ఫాదర్, మై ఫాదర్" అంది. ఈవిడ నాన్నని గ్రానీ ఆ ఇంట్లో దాచిపెట్టిందా? అయితే ఆ రోజు విన్న మగగొంతు...? చూశారా, అనుమానం ఒకసారి లోపల దూరితే ఎంత పనైనా చేస్తుంది!

అదృష్టం కొద్దీ మా అమ్మాయి తొందరగా ఇంటికొచ్చింది. ఇద్దరూ మాట్లాడుకున్నాక తెలిసింది, ఆవిడ ఆ స్నేహితుడి కూతురు. తన తండ్రి లండన్లో ఏదో గుమాస్తా పని చేసేవాడనుకుంటూనే పెరిగింది. ఆయన పోయిన చాలా ఏళ్లకి ఎవరో చెబితే తెలిసింది. ఇప్పుడు రచయితల సంఘం వాళ్లు, అసలు పేర్లు తిరిగి వేస్తాం, ఏ కథ ఎవరిదో చూసినవాళ్లు చెబితే చాలు అంటున్నారట. అది చెప్పగల మనిషి ఈ లోకంలో గ్రానీ ఒక్కతే మిగిలింది. ఎనభై దాటిన ఆ ప్రాణం పోతే తండ్రి కథలు ఎప్పటికీ ఆ లేని మనిషివే. ఫోన్ నంబర్ ఇచ్చి వెళ్లిపోయింది. సాయంత్రం అల్లుడు, "ఎవరామె? పేరేంది?" అన్నాడు. "నేను అడగలేదు" అన్నాను. "పేరు గూడ అడగకుండ ఇంట్ల కూసోబెట్టి అన్నం పెట్టిండ్రా? అత్తమ్మా, ఇది అమెరికా!" అని నెత్తి పట్టుకున్నాడు.

మర్నాడు మా గుమ్మం ముందు నా స్టీలు గిన్నె ఉంది. తళతళలాడేలా తోమి ఉంది. లోపల ఏమీ లేదు. బిస్కెట్ ముక్క కూడా లేదు. నాకు అర్థమైపోయింది. ఆ మనిషి మా ఇంట్లోకి రావడం తెర వెనక నుంచి గ్రానీ చూసింది. నేను ఆవిడ మీద కాపలాకి వచ్చినదాన్నని, వడియాలతో మంచి చేసుకుని కబుర్లు లాగి ఎవరికో చేరవేశానని అనుకుంటోంది. రెండు నెలల స్నేహం ఒక ఖాళీ గిన్నెలో తిరిగొచ్చింది.

పిల్లని వెంటబెట్టుకుని వెళ్లాను. తలుపు గొలుసు మేరకే తెరుచుకుంది. "నిన్నెవరు పంపారు? నా గురించి ఏం చెప్పావు?" అంది గ్రానీ. పిల్ల బిక్కమొహం వేసి తెలుగులో చెప్పింది. నేను గుమ్మం ముందు మెట్టు మీదే కూర్చున్నాను. "నీకొక కథ చెప్పి పోతాను. ఇది మా అమ్మమ్మ కథ. ఆవిడ పేరు వెంకట సుబ్బమ్మ" అని మొదలుపెట్టాను.

మాది కృష్ణా జిల్లా పల్లెటూరు. నా చిన్నప్పుడు మా వైపు పోలీసులు కమ్యూనిస్టుల కోసం ఊళ్లకి ఊళ్లు గాలించేవారు. మా మేనమామ కూడా అందులో ఉన్నాడు. పొలాల్లో దాక్కున్నవాళ్లు మా ఇంటికొచ్చి తినిపోయేవారు. ఒక ఉదయం పోలీసులు వచ్చి, నిన్న ఇక్కడ తిన్నవాళ్ల పేర్లు చెప్పమని అమ్మమ్మని నిలబెట్టారు. ఆవిడ పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "నాయనా, ఆకలన్నవాడికి అన్నం పెడతాను. పేరు అడిగి పెడితే అది అన్నమెలా అవుతుంది? నాకు తెలియదు" అంది. ఏడాదికి సరిపడా పెట్టుకున్న ఆవకాయ జాడీలు వాకిట్లో పగలగొట్టారు. నేను స్తంభం పక్కన నిలబడి చూశాను. వాకిలంతా ఎర్రగా నూనె. అమ్మమ్మ మళ్లీ అదే మాట అంది. "అందుకే గ్రానీ, నిన్న వచ్చినావిడ పేరు నేనడగలేదు. నీ పేరు ఆవిడకి చెప్పనూ లేదు. పెరుగన్నం పెట్టాను, అంతే" అని ముగించాను.

గొలుసు వెనక నుంచి మెల్లగా "ఊఁ" అని వినబడింది. ఆ వెంటనే పిల్ల చేత ఒక ప్రశ్న వచ్చింది. "అమ్మమ్మా, గ్రానీ అంటుంది, మీ గ్రాండ్‌మదర్ ఎవరి పేరూ చెప్పలేదు కదా, మరి నువ్వు ఎందుకు ఫస్ట్ ఆమె పేరు చెప్పావు?"

నేను అంతవరకూ ఎప్పుడూ ఆలోచించలేదు. నోటికొచ్చింది చెప్పాను. "అది వేరు ఇది వేరు గ్రానీ. తిన్నవాడి పేరు చెబితే వాడికి సంకెళ్లు పడతాయి. కథ ఇచ్చినవాళ్ల పేరు చెప్పకపోతే మాత్రం అది దొంగతనం. మా ఇంట్లో ముందు ఎవరి దగ్గర విన్నామో చెప్పకపోతే అమ్మమ్మ ఊఁ కొట్టేదే కాదు."

తలుపు మూసుకుంది. ఇక అయిపోయిందనుకుని లేచాను. అంతలో గొలుసు తీసిన చప్పుడైంది. "ఆవిణ్ణి రమ్మను. నా ఇంట్లో కాదు, మీ ఇంట్లో. నువ్వు నా పక్కన కూర్చోవాలి" అంది గ్రానీ.

ఆ ఆదివారం మా డైనింగ్ టేబుల్ దగ్గర అందరం కూర్చున్నాం, పిల్ల నా పక్కనే ఉండి తెలుగులో చెబుతోంది. అల్లుడు మేడ మీదే ఉంటానంటూనే, మెట్ల మధ్యలో నిలబడి వింటున్నాడు. వచ్చినావిడ మాట రికార్డు చేసే చిన్న మిషన్ బల్ల మీద పెట్టింది. గ్రానీ దాన్ని తీయించేసింది. "నువ్వు ఆయన కూతురివని నేనెలా నమ్మేది? మీ నాన్న నీకు చెప్పిన కథ ఒకటి చెప్పు" అంది. ఆవిడ ఆలోచించి మొదలుపెట్టింది. కోటగోడకి వేలాడే మనిషి కథ. తాడు తెగుతుంటే రాజకుమారుడు రాడు, సైన్యం రాదు. గోడ పక్కన బట్టలుతికే ఆవిడ తడి దుప్పట్లు మెలిపెట్టి తాడుకి ముడివేసి అతన్ని కాపాడుతుంది. అది మేం గ్రానీ నోట విన్నదే. రాజకుమారుడే కాపాడాలని గ్రానీ, కాదు ఆవిడే కాపాడాలని స్నేహితుడు, వారం రోజులు పోట్లాడుకున్నారట. అయితే గ్రానీ ముఖంలో నమ్మకం లేదు. "ఇది టీవీలో ఎవరైనా చూసి ఉండొచ్చు" అంది.

"నాన్న చెప్పేటప్పుడు బట్టలుతికే ఆవిడకి నా పేరు పెట్టేవాడు. నన్ను సంతోషపెట్టడానికి" అని ఆవిడ తన పేరు చెప్పింది. మా ఇంట అన్నం తిన్న మనిషి పేరు నేను వినడం అప్పుడే.

గ్రానీ చేయి చాపి ఆవిడ మణికట్టు పట్టుకుంది. "సంతోషపెట్టడానికి కాదు. కాగితం మీద కూడా అదే పేరు రాశాడు. పనిమనిషికి పేరెందుకని స్టూడియో వాళ్లు కొట్టేశారు" అంది. తర్వాత మిషన్ వైపు చూసి, "పెట్టు" అంది. ఏ కథ అతనిది, ఏ కథ తనది, వరసగా చెప్పుకుంటూ పోయింది. తనని నిలబెట్టి అడిగినప్పుడు చెప్పని పేరు, అతని పేరు, మా పులిహోర గిన్నె పక్కన గట్టిగా పలికింది. తర్వాత తన పేరు. మెట్ల మీంచి అల్లుడు దిగొచ్చి, ఎవరూ అడక్కుండానే నలుగురికీ మంచినీళ్లు ఇచ్చాడు.

అయినా గ్రానీ గ్రానీయే. స్నేహితుడి కూతురు వెళ్తుంటే, "ఆ మిషన్ ఎవరికి ఇస్తుందో" అని పిల్ల చేత నా చెవిలో చెప్పించింది. కారు మలుపు తిరిగేదాకా మా కిటికీ తెర పట్టుకునే నిలబడింది. మర్నాడు గిన్నె మా గుమ్మం ముందు ఉంది. నిండా బిస్కెట్లు.

మనవరాలు కాఫీ తెచ్చి బొమ్మని మళ్లీ నడిపించింది. దుప్పటి ముడి బిగిసింది, మనిషి పైకొచ్చాడు, చక్రాల మెట్లు కూడా కనిపించాయి. చివర్న నల్లటి తెర మీద కొత్తగా వేసిన రెండు తెల్ల వరసలు. నాకు ఇంగ్లీషు చదవడం రాదు కదా, పిల్లే పైకి చదివింది. ముందు ఆయన పేరు, తర్వాత గ్రానీ పేరు. ఊఁ అన్నాను. గ్రానీ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ పేరు నేనిక్కడ చెప్పడం లేదు. నా చేతి వంట తిన్న మనిషి కదా, మా అమ్మమ్మ ఒప్పుకోదు. కథ ఇచ్చిన మనిషి కూడా కదా అంటారేమో, అందుకే మనవరాలికి ఈ కథ చెప్పినప్పుడల్లా చెవిలో చెబుతాను. యాభై ఏళ్లకు పైనే పట్టింది ఆ రెండు పేర్లు తెర మీదికి రావడానికి. వచ్చి, ఒక్క ఊఁ కొట్టేంతసేపు నిలిచి, వెళ్లిపోయాయి.

ఇంతసేపూ ఊఁ కొట్టారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. పేరడగకుండా అన్నం పెట్టే చేయి, పేరు చెప్పి కథ మొదలుపెట్టే నోరు మీ ఇంట తరతరాలా ఉండాలి. మీ గుమ్మానికి తిరిగొచ్చే గిన్నె ఎప్పుడూ ఖాళీగా రాకూడదు.